అబ్బాయి పీటకి అర అంగుళం

పెళ్ళి కుదరగానే జనం బంగారం కొట్టుకు పరిగెడతారు. ఎంత అజ్ఞానం! ముందు కొనాల్సింది ఒక మూలమట్టం, ఒక మార్కింగ్ గేజ్, గీతలు గీయడానికి ఒక పదునైన కత్తి. ఇవి లేకుండా పెళ్ళి చేయడమంటే బ్రేకుల్లేని బస్సులో తీర్థయాత్రకు బయల్దేరడమే!

నవ్వకండి. సింగపూర్‌లో, బుకిట్ బటోక్‌లో బసవయ్య అనే పెద్దమనిషి ఉన్నాడు. ఆయన సంగతి విన్నాక కూడా నవ్వొస్తే అప్పుడు నవ్వుదురుగాని.

కంప్యూటర్లన్నీ ఆపేస్తుందన్న వైటూకే భూతం ఎవర్నీ మింగకుండా వెళ్ళిపోయిన ఏడాది అది. కంప్యూటర్ చదివినవాడు, చదవనివాడు, చదివానని నమ్మించగలిగినవాడు, అందరూ చాంగీ విమానాశ్రయంలో సూట్‌కేసులు లాక్కుంటూ దిగుతున్న రోజులు. బసవయ్య అప్పటికే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో క్వాలిటీ మేనేజర్. అంటే పని చేయడం ఆయన పని కాదు. ఇతరులు చేసిన పనిలో తప్పు పట్టుకోవడం ఆయన పని. ఇంతకన్నా గౌరవమైన ఉద్యోగం మనవాళ్ళలో ఇంకోటి ఉందా చెప్పండి?

భూతం వెళ్ళిపోయాక ఆయనకి సాయంత్రాలు ఖాళీ అయ్యాయి. ఖాళీగా ఉన్న మగవాడు ఇంటికి ప్రమాదమని ఆయన భార్య వసుంధరకు తెలుసు. ఆవిడ ట్యూషన్ సెంటర్‌లో లెక్కలు చెబుతుంది. ఏదైనా చేతిపని నేర్చుకోమని పోరింది. బసవయ్య వడ్రంగం ఎంచుకున్నాడు. అదీ కరెంటు మిషన్లు లేకుండా, పాతకాలం పద్ధతిలో, ఉలి, రంపం, చిత్రికలతో.

అయితే ఉలీ రంపమూ ఆయన మనసుకు ఎక్కలేదు. కొలత దగ్గరే ఆగిపోయాడు. కోయడానికేముంది, ఎవరైనా కోస్తారు. ఎక్కడ కోయాలో చెప్పేవాడే కదా మేనేజరు!

మొదట టేపు కొన్నాడు. దాని కొసనున్న కొక్కెం లొడలొడలాడుతోంది. టేపు కంపెనీకి లోపం గురించి ఘాటుగా ఈమెయిల్ రాశాడు. వాళ్ళు వినయంగా జవాబిచ్చారు. కొక్కేన్ని అంచుకు తగిలించి లాగినా, గోడకు ఆనించి నొక్కినా కొలత ఒకటే రావాలంటే దాని మందమంత అది కదలాలట. కదలకపోతేనే తప్పట. కదలడమే సరైనదైన వస్తువుని నమ్మడం ఎలా? బసవయ్య టేపుని సొరుగులో పడేసి స్టీలు స్కేలు కొన్నాడు.

తర్వాత పెన్సిలూ సొరుగులోకి పోయింది. పెన్సిలు గీతకి మందం ఉంటుంది. గీతకి ఇవతల కోయాలా, అవతల కోయాలా, నడిమధ్యనా? ఇన్నాళ్ళూ మానవజాతి ఈ ప్రశ్న వేసుకోకుండా ఎలా బతికిందో! కత్తితో గీస్తే ఆ బాధ లేదు. కత్తిగీతకి లోతే గాని వెడల్పుండదు. పైగా ఉలి ఆనించడానికి సరిగ్గా అక్కడే ఒక గాడి దొరుకుతుంది.

మూలమట్టం కొన్న రోజున కొట్టువాడికి చుక్కలు కనిపించాయి. బసవయ్య ఒక పలక అంచుకు మూలమట్టం ఆనించి గీత గీశాడు. దాన్ని తిరగేసి, అదే చోట ఆనించి మళ్ళీ గీశాడు. మట్టం నిజమైనదైతే రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడాలి. పైకి పోయేకొద్దీ వెంట్రుకవాసి విడిపోతున్నాయంటే అది అబద్ధాలకోరు. అద్దాల బీరువాలోవన్నీ ఇలా తిరగేయించాక చైనీస్ అంకుల్ తల పట్టుకున్నాడు.

"యూ బిల్డింగ్ రాకెట్, ఆ?"

"నాట్ యెట్," అన్నాడు బసవయ్య.

నిజం దొరికింది. దాన్ని భుజాన వేసుకుని ఇల్లంతా తిరిగాడు. వంటింటి మూల తొంభై డిగ్రీలు లేదు. పూజ అలమార తలుపు వంకర. ఫ్రిజ్ ఎడమవైపు వాలింది. వసుంధర వేసిన దోసెలు గుండ్రంగా లేవని డివైడర్‌తో రుజువు చేశాడు. ఆవిడ ఆ డివైడర్ తీసుకుని, ఆయన కుడిభుజం ఎడమభుజం కన్నా కిందికి ఉందని రుజువు చేసింది. ఆ తర్వాత దోసెల మీద ఆడిట్ ఆగిపోయింది.

ఒక్క చెక్కముక్క కూడా కోయలేదు సుమా! అప్పుడొచ్చింది నిఖిల.

నిఖిల వాళ్ళింట్లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండే అమ్మాయి. ఒంగోలు పిల్ల. బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగం, చురుకైనది, పొడగరి. బసవయ్యని అన్నయ్యా అనీ, వసుంధరని వదినా అనీ పిలిచేది. తనతోపాటు పనిచేసే అనిరుధ్‌తో పెళ్ళి కుదిరింది. అతనిది కాకినాడ. ఇద్దరికీ సెలవు దొరక్క పెళ్ళి సింగపూర్‌లోనే పెట్టుకున్నారు. పెద్దవాళ్ళు విమానమెక్కి వస్తున్నారు.

"అన్నయ్యా, లిటిల్ ఇండియా అంతా తిరిగాను. కొబ్బరిబోండాలున్నాయి, బాసికాలున్నాయి, అప్పగింతల చీర కూడా దొరికింది. పెళ్ళిపీటలు మాత్రం లేవు. మీ దగ్గర ఇన్ని సామాన్లున్నాయి కదా, రెండు పీటలు చేసిపెట్టరూ?"

బసవయ్య వెంటనే స్టీలు స్కేలు అందుకున్నాడు. ఆ సామాన్లను చూసి ఒక మనిషి పని అడగడం అదే మొదటిసారి.

పనసచెక్క మంచిదని ఎవరో చెప్తే కలప డిపోకి వెళ్ళి, పనసని మలయ్ భాషలో ఏమంటారో కనుక్కుని మరీ అడిగాడు. "నాంగ్కా? నాంగ్కా ఈజ్ ఫర్ మకాన్, లా! నాట్ ఫర్ సిట్!" అని డిపో అంతా నవ్వింది. తినే వస్తువని చెప్పాక ఇంకేం చేస్తాడు, టేకు తెచ్చుకున్నాడు.

పీటల పని నడిచినన్నాళ్ళూ నిఖిల ఆఫీసు నుంచి వచ్చి వంటింటి వెనక బట్టలారేసే చోట స్టూలు వేసుకుని చూసేది. ఆయన మార్కింగ్ గేజ్ చూపించాడు. కర్రకి ఒక చిన్న ముల్లు, జరిపి బిగించే ఒక దిమ్మ. దిమ్మని చెక్క అంచుకి ఆనించి లాగితే అంచు పొడవునా ఒకే దూరంలో గీత పడుతుంది.

"దీని మీద అంకెలేవీ?" అంది నిఖిల.

"అంకెలతో పనిలేదమ్మా. ఒకసారి బిగించి ఈ పీట కాళ్ళకి గీస్తాను. విప్పకుండా అదే బిగింపుతో ఆ పీటకీ గీస్తాను. ఎంత అని ఇది చెప్పదు. ఇదీ అదీ ఒకటే అని చెబుతుంది."

"ఇది చాలా బావుంది అన్నయ్యా," అంది ఆ అమ్మాయి.

నిజంగానే బావున్నాయి పీటలు! బసవయ్య రంపం పట్టాడు, చిత్రిక పట్టాడు, బొబ్బలెక్కిన చేతులతో నునుపు తేల్చాడు. ఒకదాని మీద ఒకటి బోర్లిస్తే మధ్యలో వెంట్రుక దూరలేదు. వసుంధర వచ్చి రెంటినీ తడిమి చూసి, ఏ తప్పూ చెప్పకుండా ఆయన చేతులకు వెన్న రాసింది. ఆ రాత్రి బసవయ్య నిద్రలో నవ్వాడు.

ఇక్కడితో కథ అయిపోతే మూలమట్టం గొప్పదనం మీకు తెలిసేది కాదు. అదృష్టవశాత్తూ మగపెళ్ళివారు దిగారు!

అనిరుధ్ తల్లి లలితకుమారిగారు నిండైన మనిషి. కాకినాడ కాజాల డబ్బాతో వచ్చారు. అప్పటికి నిఖిల తల్లిదండ్రులు కూడా వచ్చి క్లెమెంటిలో ఫ్లాటు తీసుకోవడంతో ఆ అమ్మాయి అక్కడికి మారిపోయింది. లలితకుమారిగారు పీటలు చూసి మెచ్చుకుని, గొంతు తగ్గించారు.

"బసవయ్యగారూ, అబ్బాయి పీట అర అంగుళం ఎత్తు ఉంటే బావుంటుందేమో చూడండి."

"రెండూ సమానంగా ఉండాలి కదండీ?"

"సమానమేనండీ, ఎవరు కాదన్నారు! అమ్మాయి మావాడికన్నా రెండు వేళ్ళు పొడుగు. సమానంగా వేస్తే సమానంగా కనిపించదు. వీడియో ఊళ్ళో అందరూ చూస్తారు. పైగా..." ఆవిడ కాజాల డబ్బా ముందుకు జరిపారు. "అమ్మాయి జీతం కూడా ఎక్కువటండీ."

జీతానికీ పీటకీ సంబంధమేమిటని మీరు అడుగుతారు. బసవయ్య అడగలేదు. ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి. క్లయింటు మార్పు కోరితే ఎందుకని అడగడు, ఎప్పటికి కావాలని అడుగుతాడు. అబ్బాయి పీట కాళ్ళకింద సరిగ్గా అర అంగుళం టేకుపట్టీ చేర్చాడు. జిగురు పెట్టకుండా మరలు బిగించాడు. ఏ మార్పు చేసినా వెనక్కి తిరిగే దారి ఉంచుకోవాలన్నది ఆయన వృత్తిధర్మం.

రెండోరోజే నిఖిల తండ్రి జనార్దనరావుగారు గోంగూర పచ్చడి సీసాతో వచ్చారు. రిటైరయిన హెడ్మాస్టరు, చూపు చురుకు.

"బాబూ, వీటిలో మా అమ్మాయిదేది?"

బసవయ్య చూపించాడు. హెడ్మాస్టరు గారు వంగి చూశారు. లేచి నిలబడ్డారు.

"ఆడపిల్లవాళ్ళమైతే మాత్రం! మాది వాళ్ళ పీటకన్నా ఎక్కువ వద్దు. తక్కువా వద్దు." గుమ్మం దాటబోతూ ఆగారు. "ఒక కాగితం మందం ఎక్కువైతే నేనేమీ అనుకోను."

కాగితం మందం! ఎంత అద్భుతమైన కొలత! బసవయ్యకు సవాలు దొరికింది. అమ్మాయి పీటకి అర అంగుళమూ, ఆపైన ఒక కాగితమూ చేరాయి.

ఆ సంగతి లలితకుమారిగారికి ఎలా తెలిసిందో తెలియదు. తాపేశ్వరం మడతకాజాలతో వచ్చారు. అబ్బాయి పీటకి ఇంకో అర అంగుళం. తర్వాత ఒంగోలు నెయ్యి వచ్చింది. అమ్మాయి పీటకి ఒక అంగుళం. పూతరేకులొచ్చాయి. అబ్బాయికి ఒకటిన్నర. ఆ రోజుల్లో ఒక కంపెనీ జీతం పెంచితే ఇంకో కంపెనీ దానిమీద పెంచినట్టు పీటలు పొర మీద పొరగా పెరిగి కుర్చీల ఎత్తు దాటేశాయి. బసవయ్య ఫ్రిజ్ తలుపు మూతపడటం మానేసింది. మార్కింగ్ గేజ్ వల్ల ఇల్లు ఎలా నిండుతుందో చూశారా!

"అవి సమానంగా ఉన్న రోజున ఎంత ముచ్చటగా ఉన్నాయండీ! ఇంక కుదరదని ఒక్క మాట చెప్పలేరా?" అంది వసుంధర.

"క్లయింటుకి కుదరదని చెప్పకూడదు. ఖర్చవుతుందని చెప్పాలి."

"చెప్పారా?"

బసవయ్య నోట్లో పూతరేకు ఉంది. ఆయన మనసులో మాత్రం ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది. ప్రతి పొరా వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చింది. కొలిచిన ప్రతిసారీ కొలత సరిపోయింది. పీటల్ని చూస్తే మాత్రం ఏదో తప్పుగా అనిపించేది. ఏ మట్టం పెట్టినా ఆ తప్పు దొరకలేదు.

పెళ్ళి రోజు ఉదయం వాటిని ట్యాక్సీలో పెట్టబోతే పట్టలేదు. ట్రైన్ ఎక్కించారు. పెళ్ళికొడుకు పీట మీద ఒక చైనీస్ అమ్మమ్మ చక్కగా కూర్చుని, దిగేటప్పుడు "వెరీ కంఫర్టబుల్, లా!" అని మెచ్చుకుని వెళ్ళింది. నాణ్యత గురించి అంతకన్నా నిష్పక్షపాతమైన సర్టిఫికెట్ ఉంటుందా?

లిటిల్ ఇండియా దగ్గర కమ్యూనిటీ క్లబ్ హాలు. వేదిక నేల పల్లమని బసవయ్య రసమట్టంతో కనిపెట్టి, పీటల కింద తన విజిటింగ్ కార్డులు మడిచి పెట్టాడు. బుడగ నట్టనడుమ నిలబడింది. అనిరుధ్‌ని ఎక్కమన్నారు. పాపం ఎక్కాడు. కాళ్ళు నేలకి అందక వేలాడాయి. అడ్డుతెర పట్టుకోవాల్సినవాళ్ళు ప్లాస్టిక్ కుర్చీలెక్కి నిలబడ్డారు.

పురోహితుడు కింద కూర్చుని తలెత్తి చూశాడు. "ఇవి పీటలా నాయనా, సింహాసనాలా? అగ్నిహోత్రం నేలమీద, నువ్వు ఆకాశంలో!"

అప్పుడే నిఖిలని తీసుకొచ్చారు. ఆ అమ్మాయి తన పీట ముందు ఆగింది. దాన్ని చూసింది. ఎదురుగా గూట్లో పావురంలా ఉన్న పెళ్ళికొడుకుని చూసింది. చివరికి బసవయ్యని చూసింది.

"అన్నయ్యా, ఇవి నేను చూసిన పీటలేనా?"

"అవేనమ్మా. పైన ఉన్నవి అవే. కింద ఉన్నవి మార్పులు."

"ఎవరు చేయించారు?"

ఇంకెవరైనా అయితే దగ్గేవారు. నెపం టేకు మీదకి నెట్టేవారు. బసవయ్య క్వాలిటీ మేనేజరు. ఆడిట్‌లో అడిగితే దాచడం ఆయన రక్తంలో లేదు.

"మొదటిది మీ అత్తగారు. అబ్బాయికి అర అంగుళం. కారణం, అమ్మాయి పొడుగు, పైగా జీతం ఎక్కువ. రెండోది మీ నాన్నగారు. అమ్మాయికి అర అంగుళం, ఒక కాగితం. కారణం, ఆడపిల్లవాళ్ళమైతే మాత్రం. మూడోది మళ్ళీ మీ అత్తగారు..."

పురోహితుడి ఉత్తరీయానికి వీడియోవాళ్ళు మైకు తగిలించారన్న సంగతి బసవయ్యకు తెలియదు. మార్పుల చరిత్రంతా హాలు చివర సాంబారు కలుపుతున్న వాళ్ళదాకా స్పష్టంగా వినిపించింది. నాదస్వరం క్యాసెట్టు ఎవరో ఆపేశారు. లలితకుమారిగారు చీర కుచ్చిళ్ళు సర్దుకున్నారు. జనార్దనరావుగారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

నిఖిల వాళ్ళిద్దరివైపూ చూడలేదు. అనిరుధ్‌ని అడిగింది. "నీకు తెలుసా?"

"ఎత్తు సంగతి తెలీదు. ఎక్కమంటే ఎక్కాను. జీతం సంగతి అమ్మకి చెప్పింది మాత్రం నేనే."

"ఎందుకు చెప్పావ్?"

"గొప్పకి చెప్పాను నిఖిలా." అనిరుధ్ ముఖం ఎర్రబడింది. "మా టీమ్‌లో అందరికన్నా ముందు నీకే ప్రమోషన్ వచ్చిందని, నాకన్నా నీకే ఎక్కువని ఫోన్ కార్డు అయిపోయేదాకా చెప్పాను. అమ్మ ఏమీ మాట్లాడలేదు. సంతోషంతో మాట రాలేదేమో అనుకున్నాను."

అంటూనే కిందికి దూకాడు. బసవయ్య తీర్చిన అంచు మరీ పదునుగా ఉండటంతో పట్టుపంచె కొస పట్టుకుని పర్రుమంది. ఎవరూ నవ్వలేదు. నిఖిల నవ్వింది. రాబోయిన ఏడుపు ఆ నవ్వుతో కొట్టుకుపోయింది.

"అన్నయ్యా, ఇవి మొదట ఎలా ఉన్నాయో అలా చేసెయ్యండి."

బసవయ్యకి అప్పుడు తట్టింది. ఇన్నాళ్ళూ కొలతలిచ్చినవాళ్ళలో ఒక్కరూ ఆ పీటల మీద కూర్చునేవాళ్ళు కారు! కూర్చునేవాళ్ళని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. ఏ ప్రాజెక్టులో ఎవరు ఈ తప్పు చేసినా కడిగిపారేసే మనిషి తను.

"ముహూర్తం దగ్గరపడుతోంది," అన్నాడు పురోహితుడు.

"ఇప్పుడే అయిపోతుందండీ," అని బసవయ్య మోకాళ్ళ మీద కూర్చున్నాడు. స్కేలు అడగలేదు. మట్టం అడగలేదు. పీట బోర్లించాడు. పెళ్ళికూతురు ఒక పక్క, పెళ్ళికొడుకు ఒక పక్క కదలకుండా పట్టుకున్నారు. వసుంధర స్క్రూడ్రైవరు అందించింది. మరలు ఒక్కొక్కటీ ఊడుతుంటే పట్టీలు టపటపా రాలాయి.

"బాబూ, మన పీటకి ఆ కాగితం మాత్రం..." అన్నారు జనార్దనరావుగారు.

"నాన్నా!"

కాగితం కూడా పోయింది.

పీటలు నేలకి దిగాయి. తెర పట్టినవాళ్ళు కుర్చీలు దిగారు. జీలకర్ర బెల్లం పెట్టేవేళ అనిరుధ్ చెయ్యి కాస్త పైకెత్తాల్సి వచ్చింది. ఎత్తాడు. తెర తీసేసరికి పెళ్ళికూతురు తల పెళ్ళికొడుకు తలకన్నా రెండు వేళ్ళు పైకే ఉంది. ఆకాశమేమీ ఊడిపడలేదు. సాంబారు మాత్రం కాస్త అడుగంటింది.

భోజనాల దగ్గర లలితకుమారిగారు వసుంధర పక్క కుర్చీలో కూర్చున్నారు. చాలాసేపు పప్పన్నం కలుపుతూనే ఉన్నారు.

"మావారు నాకన్నా పొట్టండీ," అన్నారు ఉన్నట్టుండి. "మా పెళ్ళిఫొటోలో నన్ను మోకాళ్ళు వంచి నిలబడమన్నారు. పట్టుచీరలో ఎవరికీ తెలియదన్నారు. ఆ ఫొటో మా హాల్లో ఇప్పటికీ ఉంది. చూసినవాళ్ళంతా ఈడూజోడూ బావుందంటారు. నాకు మాత్రం చూసినప్పుడల్లా మోకాళ్ళు లాగుతాయి."

వసుంధర ఆవిడ ఆకులో ఒక గారె వేసింది.

ఇక మీరు నన్ను నిలదీస్తారు. నిఖార్సయిన మూలమట్టం, గేజ్, కత్తి అన్నీ ఉండి ఏం లాభం, పెళ్ళి ఆగిపోయినంత పనైంది కదా అని. అయ్యా, ఆ పనిముట్లు మొదటిరోజే నిజం చెప్పాయి. ఇదీ అదీ ఒకటే అన్నాయి. మిగతాదంతా ఆ మాట నచ్చనివాళ్ళు కాజాలతో, నెయ్యితో రాయించిన సవరణలు. అలాంటి సవరణలు మనవాళ్ళు ప్రతి పెళ్ళిలోనూ రాయిస్తారు. వాటికి పీటలే అక్కర్లేదు.

భోజనాలయ్యాక ఫొటోలు మొదలయ్యాయి. దంపతుల్ని పక్కపక్కన నిలబెట్టాడు ఫొటోగ్రాఫర్. కెమెరాలోంచి చూసి తల అడ్డంగా ఊపాడు.

"అమ్మా, పెళ్ళికూతురుగారూ, కొంచెం మోకాళ్ళు వంచండి. చీరలో తెలియదు."

నిఖిల అలవాటుగా వంగబోయింది.

"వంగకమ్మా!"

హాలంతా అటు తిరిగింది. లలితకుమారిగారు చేతులైనా కడుక్కోకుండా, పప్పు చెయ్యి అలాగే పైకెత్తి వస్తున్నారు.

"అది కాదండీ, అమ్మాయి తల ఫ్రేములో పట్టట్లేదు," అన్నాడు ఫొటోగ్రాఫర్.

"అయితే నువ్వు వెనక్కి జరుగు!"

ఫొటోగ్రాఫర్ వెనక్కి జరిగాడు.